ఆ ఆటోలో ఎవరున్నారు?

నర్సాపురం

చిరంజీవి సోదరికి,

క్రీస్తు నామంలో వందనాలు. అమలాపురం నుంచి మెదక్ చర్చికి మీ కుటుంబం కారులో వెళ్ళిన సంగతి మీద, ఆ ప్రయాణం నేర్పిన పాఠాలంటూ నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. మామూలుగా ఇలాంటివి వస్తే ‘బాగుంది, రాస్తూ ఉండమ్మా’ అని నాలుగు మాటలు రాసి ఊరుకుంటాను. నీకు అలా రాయబుద్ధి కాలేదు. ఆకివీడు దాటాక నువ్వు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. రాత్రి నిద్ర పట్టక లేచి మళ్ళీ అదే చదివాను.

ఉండి దగ్గర టైరు పంక్చరైంది. అరగంట ఆలస్యమైంది. తర్వాత ముందుకు వెళ్తే రోడ్డు మీద లారీ కింద నలిగిన ఆటో కనిపించింది. ‘ఆ అరగంట ఆలస్యం కాకపోతే అక్కడ ఉండేది మా కారే, దేవుడు మమ్మల్ని ఎంత ప్రేమించాడో అప్పుడు అర్థమైంది’ అని రాశావు. ఆ వెంటనే బైబిల్ కీర్తనల్లోంచి ఒక వాక్యం, దాని కింద మీ ప్రయాణంలో మూడో పాఠం.

ఆ ఆటోలో ఎవరున్నారమ్మా?

తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఆటోల్లో వెళ్ళేది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. చేపల చెరువుల మీద పనికి వెళ్ళేవాళ్ళు, రొయ్యల ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్ళే ఆడపిల్లలు. వాళ్ళలో కొందరైనా మన సంఘాల వాళ్ళే అయి ఉంటారు. ఇంట్లోంచి బయల్దేరే ముందు మీలాగే తల వంచి ప్రార్థన చేసుకుని ఉంటారు. మీ కారుని ఆపిన దేవుడు వాళ్ళ ఆటోని ఎందుకు ఆపలేదని ఆ ఇంట్లో ఒక తల్లి అడిగితే నీ వ్యాసం ఏం చెబుతుంది? నీ వ్యాసంలో వాళ్ళ కోసం ఉన్నది ‘పాపం’ అన్న ఒక్క మాట.

లూకా సువార్త 13వ అధ్యాయం తియ్యి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్ళు యెరూషలేములో మిగతా అందరికంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అన్నాడు ప్రభువు. ఆ మాట అక్కడితో ఆపలేదు. బతికున్నవాళ్ళ వైపు తిరిగి మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. మీరు బతికారు కాబట్టి మీరంటే దేవుడికి ఎక్కువ ఇష్టం అని ఆయన చెప్పలేదు. మన సాక్ష్యాల్లో, అంటే దేవుడు మనకి చేసిన మేలు నలుగురికీ చెప్పేటప్పుడు, మనం సరిగ్గా అదే చెబుతున్నాం. కన్వెన్షన్ సభల్లో చెబుతున్నాం, పత్రికల్లో రాస్తున్నాం. బస్సు మిస్సయింది, ఆ బస్సు కాలవలో పడింది, హల్లెలూయ. కాలవలో పడినవాళ్ళ ఊరు ఆ సభకి రెండు మైళ్ళ దూరంలో ఉంటుంది.

బతికినందుకు కృతజ్ఞత చెప్పుకో, మోకాళ్ళ మీద పడి చెప్పుకో. అది నీకూ దేవుడికీ మధ్య సంగతి. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం వేరేవాళ్ళ చావుని నీ సాక్ష్యానికి మెట్టుగా వాడుకోకు. ఈ విషయంలో నేను చాలా మొండివాణ్ణి. ఎందుకో చెబుతాను.

1996 నవంబరు 6న తుపాను వచ్చినప్పుడు మేము కోనసీమలో ఒక పెళ్ళికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాం. నేనూ నా భార్యా పిల్లలూ ఆ రాత్రంతా ఒక డాబా ఇంట్లో ఉన్నాం. తిరిగి వస్తుంటే దారి పొడుగునా కొబ్బరి చెట్లు రోడ్డుకి అడ్డంగా పడున్నాయి. మేము మాట్లాడుకున్న అంబాసిడర్ ఆగిన ప్రతిచోటా ఊళ్ళో మగవాళ్ళు గొడ్డళ్ళు తెచ్చి దారి చేశారు. అందులో ఒకాయన ముమ్మిడివరం వైపు తన అన్న కొడుకు దొరకలేదని చెబుతూనే చెట్టు నరికాడు. మాకు దారి ఇచ్చి మళ్ళీ వెతకడానికి వెళ్ళిపోయాడు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అదంతా నేను రాసి ఒక క్రైస్తవ మాసపత్రికకి పంపాను. సంపాదకుడు చదివి, అంతా బాగుంది, చివర ‘ఇంత విలయంలో దేవుడు మా కుటుంబాన్ని మాత్రం కాపాడాడు’ అని ఒక్క లైను కలపండి, లేకపోతే ఇందులో సువార్త ఏముంది అని రాశాడు. ఆ ‘మాత్రం’ అన్న మాట నేను రాయనన్నాను. వ్యాసం తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆ పత్రికలో నా పేరు రాలేదు. తోటి ఉపాధ్యాయులు ‘ఒక్క లైనే కదా మాస్టారూ’ అన్నారు. నా భార్య మాత్రం, ఆ గొడ్డలాయన చదివితే ఏమనుకుంటాడు అంది. ఇప్పటికీ ఏది రాసినా ఆ ప్రశ్న వేసుకున్నాకే పంపుతాను.

ఇక పంక్చరు వేసినవాడి సంగతి. అతన్ని దేవదూత అన్నావు. ‘ఎక్కడినుంచి వచ్చాడో తెలీదు, పని చేసి వెళ్ళిపోయాడు’ అని రాశావు. ఎక్కడినుంచి వచ్చాడో ఎందుకు తెలీదు? ఆ పక్కనే షెడ్డు ఉందని నువ్వే పైన రాశావు కదా. చలిలో ఆ వేళకి మనిషిని నిద్ర లేపారు. జాకీ పెట్టాడు, నట్లు విప్పాడు, ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూశాడు. మీ నాన్నగారు డబ్బు ఎంతిచ్చారు? అతను అడిగిందే ఇచ్చారా, బేరమాడారా? అతని పేరేమిటి? మనిషిని దేవదూత చేసేస్తే ఇవేమీ అడగక్కర్లేదు. దేవదూతకి ఇల్లుండదు, అప్పులుండవు, నిద్ర చెడిందన్న బాధ ఉండదు. నీకు మంచి చేసినవాణ్ణి చూడకుండా తప్పించుకోవడానికి మన రాతల్లో ఇదొక అలవాటైపోయింది.

అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు నువ్వు సండే స్కూల్లో చదివే ఉంటావు. బైబిల్లో ప్రయాణంలో వచ్చిన ఆపదని అంత వివరంగా రాసిన చోటు నాకు ఇంకొకటి కనిపించలేదు. పౌలు ఎక్కిన ఓడలో ఉన్నది 276 మంది అని రాశాడు లూకా. నీటి లోతు చూస్తే మొదట 20 బారలు, తర్వాత 15 బారలు అని రాశాడు. వెనక వైపు నాలుగు లంగర్లు వేశారని రాశాడు. శతాధిపతి పేరు యూలి అని రాశాడు. అందులో దూత కూడా ఉన్నాడు. రాత్రివేళ పౌలు దగ్గరికి వచ్చి ధైర్యం చెప్పాడు. ఓడ బద్దలై ఒడ్డున పడ్డాక వానలో, చలిలో నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నది మాత్రం మెలితే ద్వీపంలో ఉండేవాళ్ళు. వాళ్ళని లూకా దూతలనలేదు. దూత వచ్చిన చోట దూత అన్నాడు, మనుషులు నిప్పు రాజేసిన చోట మనుషులన్నాడు. దారిలో గాయపడి పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథలో కూడా అంతే. నూనె, ద్రాక్షారసం, సొంత వాహనం, పూటకూళ్ళవాడికిచ్చిన రెండు దేనారములు. ప్రభువు చెప్పిన కథలో లెక్కకి అంత చోటుంటే మన వ్యాసంలో పంక్చరుకి ఇచ్చిన డబ్బుకి చోటు లేదా?

మన డెల్టా సంగతే చూడు. 1830ల్లో నర్సాపురం వచ్చిన మిషనరీలు బౌడన్, బీర్ దొరల పేర్లు మనకి తెలుసు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టించిన కాటన్ దొర పేరు ఊరూరా విగ్రహాల మీద ఉంది. ఆ మిషనరీలని ఈ పాయల్లో పడవ మీద తిప్పిన సరంగుల పేర్ల కోసం నేను చాలా వెతికాను. ఆనకట్టకి రాళ్ళు మోసినవాళ్ళ పేర్లూ వెతికాను. దొరకలేదు. రాసినవాళ్ళకి అవి అవసరమనిపించలేదు. ఆ పని ఇంకా మనమూ చేస్తే ఎలాగమ్మా?

తప్పంతా నీది కాదని కూడా చెప్పాలి. ఇంగ్లీషు నుంచి అనువాదమై వచ్చే క్రైస్తవ ధ్యాన పుస్తకాలు చదివి మనవాళ్ళు ఇలా రాయడం మొదలుపెట్టారు. ఎక్కడో మంచులో కారు ఆగుతుంది, ఎవరో వచ్చి సాయం చేస్తారు, పేజీ చివర వాక్యం, దాని కింద ప్రార్థన. పేజీ కొలత ముందే ఉంటుంది, జీవితాన్ని అందులో ఇరికించాలి. ఇప్పుడు ఫోన్లలో ‘ప్రయాణం నేర్పిన ఏడు పాఠాలు’ అని వస్తున్నవి దానికంటే అన్యాయం. ఏడు అని ముందే అనుకుంటే నాలుగోది కల్పించాల్సిందే. నీ వ్యాసంలో నాలుగోది అలాంటిదే. ఏసీ పనిచేయకపోవడం శ్రమలకి గుర్తు అని నువ్వు నిజంగా అనుకోలేదు.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది సఖినేటిపల్లి రేవు. బండ్లని గోదావరి దాటించే పంటు ఆగిపోయిందని తెలిశాక మీ నాన్నగారు ఇంజను ఆపి స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నారు. అమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. ఎవరూ మాట్లాడలేదు. ఇది నిజం. ఇది నువ్వు చూశావు. కానీ మరుక్షణం దాని మీద వాక్యం పెట్టేశావు. పంటు లేకపోతే దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కితే సరిపోతుంది, ఆ మాత్రానికి మగమనిషి అంతలా కుంగిపోడు. ఏదో ఉంది. కారు వాయిదాలో, ఆరోగ్యమో, బయల్దేరేముందు ఇంట్లో జరిగిన మాటో. నీకు తెలిసే ఉంటుంది. రాయగలిగితే రాయి, రాయలేకపోతే ఆ నిశ్శబ్దాన్ని అలాగే వదిలెయ్యి. వాక్యం అక్కడ వద్దు.

వాక్యం వద్దంటున్నానని బాధపడకు. నేను రోజూ చదివేది అదే పుస్తకం. అందులోనే లూకా 2వ అధ్యాయంలో ఒక కుటుంబం పండగకి వెళ్ళి తిరిగొస్తూ 12 ఏళ్ళ పిల్లవాణ్ణి వెనక వదిలేసి వచ్చింది. ఒక దినప్రయాణం వచ్చేశాక చూసుకున్నారు. బంధువుల్లో వెతికారు, తెలిసినవాళ్ళలో వెతికారు, వెనక్కి వెళ్ళారు. మూడు రోజుల తర్వాత దొరికిన పిల్లవాడు ఒక మాట చెప్పాడు. ఆ మాట తల్లిదండ్రులు గ్రహించలేదని సువార్తికుడు రాశాడు. గ్రహించలేదు! సాక్షాత్తూ మరియమ్మకి ఆ రోజు పాఠం అర్థం కాలేదు, మనసులో దాచుకుంది. నీకు మాత్రం మీ తమ్ముడు కైకలూరు టిఫిన్ హోటల్లో ఉండిపోయిన పది నిమిషాలకే పాఠం అర్థమైపోయింది.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆకివీడు పోలీస్ స్టేషన్‌లో గానీ, ఆ రోజు పేపర్లో గానీ ఆ ఆటో వివరాలు దొరుకుతాయేమో కనుక్కో. మళ్ళీ ఆ దారిన వెళ్ళినప్పుడు ఉండి దగ్గర షెడ్డు ముందు ఆగి అతని పేరు అడుగు. హోటల్లో ఒక్కడే ఉండిపోయినప్పుడు ఏం చేశాడో మీ తమ్ముణ్ణి అడుగు, వ్యాసం మొత్తంలో వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇవన్నీ తెలిశాక తిరగరాసి పోస్టులో పంపు. ఫోన్‌లో పంపితే అక్షరాలు నాకు ఆనవు.

నీ మేలు కోరే
అన్నయ్య