పాత పద్మిని కొనండి, కానీ ఎఫ్‌డీ కదపకండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. వరంగల్‌లో ప్రభుత్వ ఉద్యోగం, నెలకు చేతికి 82 వేలు వస్తాయి. కాకినాడలో తెలిసినవాళ్ల దగ్గర 1982 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. మొదటి నుంచీ ఒకరే ఓనర్. రంగు, సీట్లు అన్నీ ఒరిజినల్. 4 లక్షలు చెబుతున్నారు. మా నాన్నగారికి ఇదే కారు ఉండేది, అందుకే మనసు లాగుతోంది. పాత కార్లకు ధర పెరుగుతోందంటున్నారు కాబట్టి పెట్టుబడిగానూ పనికొస్తుందనుకుంటున్నాను. అమ్మాయి ఇంజనీరింగ్ కోసం దాచిన 9 లక్షల ఎఫ్‌డీలోంచి తీద్దామని ఆలోచన. తను ఇప్పుడు తొమ్మిదో తరగతి. కొనొచ్చా?

జవాబు: కారు కొనొచ్చు. ఆ ఎఫ్‌డీతో మాత్రం కొనకండి, పెట్టుబడి అనుకొని అసలు కొనకండి.

ముందు పెట్టుబడి సంగతి చూద్దాం. పాత కార్లన్నిటికీ ఒకేలా ధర రాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూసే ఉంటారు. అలాంటిది ఇంకొకటి లేదు, దాని విలువంతా అందులోనే ఉంది. పద్మిని కథ వేరు. ఫియట్ 1100 డిలైట్‌నే ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసేది. 1974 నుంచి దానికి పద్మిని అనే పేరు వచ్చింది, 2000 ప్రాంతం వరకు తయారవుతూనే ఉంది. ముంబైలో టాక్సీలుగా తిరిగి తిరిగి 2023 అక్టోబరు చివర్లో అక్కడి రోడ్ల మీద నుంచి తప్పుకుంది. అంత విరివిగా తిరిగిన కారు ధర కొంచెం పెరగొచ్చు, కానీ పరుగెత్తదు.

లెక్క వేద్దాం. 4 లక్షలు 7 శాతం వడ్డీకి పదేళ్లు ఉంచితే దాదాపు 7 లక్షల 87 వేలు అవుతుంది. కారు మీద ఏడాదికి 40 వేలు ఖర్చవుతుందనుకోండి. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు, బ్యాటరీ, అప్పుడప్పుడు కార్బొరేటర్ పని, ఎప్పుడో ఒకసారి పెద్ద ఇంజన్ పని, అన్నీ కలిపి ఇది ఎక్కువేమీ కాదు. ఆ 40 వేలనూ ఏటా అదే వడ్డీకి వేసుకుంటే ఇంకో 5 లక్షల 50 వేలు. అంటే పదేళ్ల తర్వాత ఈ పద్మిని 13 లక్షల 40 వేలకు అమ్ముడుపోతేనే ఎఫ్‌డీతో సమానం. వడ్డీ మీద పన్ను తీసేస్తే ఈ మొత్తం కొంత తగ్గుతుంది, అయినా ఆ ధర పెట్టి పద్మిని కొనేవారు దొరుకుతారని నేను నమ్మను.

పన్ను విషయంలోనూ ఒకటి తెలుసుకోండి. సొంతానికి వాడుకునే కారును ఆదాయపు పన్ను చట్టం వ్యక్తిగత వస్తువుగా చూస్తుంది, అమ్మితే వచ్చే లాభానికి పన్ను ఉండదు. నష్టం వస్తే దాన్ని చూపించుకోవడానికీ లేదు. అయితే నిజంగా వాడి ఉండాలి. ఒకాయన 1931 నాటి ఫోర్డ్ టూరర్‌ను 1983లో 20 వేలకు కొని తర్వాత 21 లక్షలకు అమ్మారు. సొంతానికి వాడినట్టు చూపలేకపోవడంతో ఆ లాభానికి పన్ను కట్టాల్సిందేనని 2025లో బాంబే హైకోర్టు తేల్చింది. కాబట్టి కొన్నాక నడపండి, పెట్రోలు, సర్వీసు బిల్లులు దాచుకోండి.

ఇక కాగితాల పని. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్ వాహనం. మీరు చూసిన కారుకు ఆ అర్హత 2032లో గానీ రాదు. వచ్చినా తొందరపడొద్దు. వింటేజ్ వాహనాలకిచ్చే ‘వీఏ’ నంబరు ప్లేటు తీసుకుంటే ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీగా నడపకూడదు. ఆదివారం ఇంటిల్లిపాదీ భద్రకాళి గుడికి వెళ్లి రావాలన్నది మీ కోరికైతే మామూలు రిజిస్ట్రేషనే మేలు. అది ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం.

పైగా కారు ఆంధ్రప్రదేశ్‌ది, మీరుండేది తెలంగాణలో. కాకినాడ ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, పేరు మార్పించాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో అడ్వాన్సు ఇవ్వకముందే వరంగల్ ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఆర్సీ ఎప్పటివరకు చెల్లుతుంది, పాత ఆర్సీ పుస్తకం వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయా, ఇంజన్, చాసిస్ నంబర్లు కలుస్తున్నాయా అన్నవి కూడా తేలాలి. ఈ పనులన్నీ ఓనరే చేయించి ఇస్తానంటే పది, ఇరవై వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. కాగితాలు లేని కారును 2 లక్షలకిస్తానన్నా ముట్టుకోవద్దు.

ఒక విషయంలో మీరు సరైన దారిలో ఉన్నారు, కండిషన్ బాగున్న బండినే చూశారు. చౌకగా వస్తోందని తుప్పు పట్టినదాన్ని కొంటే టింకరింగ్, పెయింటింగ్, సీట్ల పనికి పెట్టేది చాలాసార్లు కారు ధరను మించిపోతుంది. అమ్మేటప్పుడు ఆ ఖర్చులో సగం కూడా తిరిగి రాదు.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది అసలు ప్రశ్న. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరడానికి ఇక మూడు, నాలుగేళ్లే. 9 లక్షల్లోంచి 4 తీస్తే సగం దాకా ఖాళీ అయినట్టే. మూడేళ్లలో దాన్ని మళ్లీ పూడ్చాలంటే నెలకు 10 వేలు పక్కన పెట్టాలి, అప్పటికే కారు ఖర్చు మొదలై ఉంటుంది. పర్సనల్ లోన్ అయితే ఇంకా భారం, ఆ ఆలోచనే వద్దు. నెలకు 10 వేలతో ఇప్పుడే బ్యాంకులో ఒక ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. దసరా, సంక్రాంతికి చేతికొచ్చే బకాయిలేమైనా ఉంటే అందులోనే కలపండి. రెండున్నరేళ్లలో 3 లక్షల పైన చేరుతుంది. ఈలోగా ఈ కారు చేజారిపోతుందని టెన్షన్ పడకండి. పద్మిని ధర పరుగెత్తకపోవడానికి ఏది కారణమో, మీరు ధైర్యంగా ఆగడానికీ అదే కారణం. ఇంకొకటి దొరుకుతుంది. నాన్నగారి గుర్తుగా కారు ఉండాలన్న కోరికలో తప్పేమీ లేదు, దానికి మీ జీతంలోంచి వాటా ఇవ్వండి, అమ్మాయి చదువులోంచి వద్దు.

ఓనర్ ఆగుతానన్నా, మరొక బండి చూసినా, పాత ఫియట్లు చేసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. కాకినాడది సముద్రపు గాలి, పైన రంగు మెరుస్తున్నా కింద ఫ్లోరు తినేసి ఉండొచ్చు. ర్యాంప్ ఎక్కించి అడుగు భాగం, డోర్ల కింది అంచులు చూడండి. బాడీ మీద అయస్కాంతం పెట్టి చూస్తే పుట్టీ ఎక్కడ పూశారో తెలిసిపోతుంది, అక్కడ అది సరిగా అంటుకోదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. వాటిని మార్చే ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, మీ ఎదురుగానే స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి ఉంచితే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.