చిత్రంలోని గౌనును కుట్టడం ఎలా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా కళాశాల నాటకం కోసం 16వ శతాబ్దపు ఫ్లాండర్స్‌లో (నేటి బెల్జియం ప్రాంతంలో) కూరగాయలమ్మే స్త్రీ వేషం సిద్ధం చేస్తున్నాను. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న యోయాకిమ్ బ్యూకెలార్ చిత్రం ‘భూమి’ నాకు ఆధారం. అందులో కనిపించని వెనుకభాగాన్ని ఎలా కుట్టాలి? రంగులను ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక విద్యార్థిని, హైదరాబాదు

సమాధానం: మీరు మంచి చిత్రాన్నే ఎంచుకున్నారు, కానీ దానిని ఒంటరిగా చూడకండి. 1569లో ఆంట్వెర్ప్ చిత్రకారుడు గీసిన ఈ బజారు, కళ్లెదుట ఉన్నదాన్ని ఉన్నట్టుగా దించినది కాదు. కూరగాయల రాశుల వెనుక, దూరంగా, బాల యేసుతో మరియ, యోసేపులు ఈజిప్టుకు తరలిపోతున్న దృశ్యం ఉంది. అంటే ప్రతిదీ ఆలోచించి అమర్చినదే, బట్టలు కూడా. అందుకని బ్యూకెలార్ ఇతర చిత్రాలనూ, ఆయన గురువు పీటర్ ఆర్ట్‌సెన్ గీసిన వంటగత్తెలనూ పక్కపక్కన పెట్టుకుని, ఏ వివరం మళ్లీ మళ్లీ వస్తోందో గుర్తించండి. పదే పదే కనిపించేది వాడుక అనుకోవచ్చు. ఒక్కచోటే కనిపించేదాన్ని అనుమానించాలి.

అలా పోల్చి చూస్తే పొరల క్రమం తేలుతుంది. ఒంటికి ఆనుకుని తెల్లని నారబట్ట లోచొక్కా, దానిపై ఒంటికి బిగుతుగా పట్టే ఉన్ని లోగౌను, ఆపైన ముందువైపు తెరుచుకుని తాడుతో బిగించే పైగౌను ఉంటాయి. భుజాలనూ మెడనూ కప్పే చిన్న పైవస్త్రం, ఏప్రాన్, తలగుడ్డ చివరివి. పైగౌను అంచును ఎత్తి దోపుకోవడం వల్ల లోపలి గౌను రంగు బయటపడుతుంది. ముంజేతులకు తొడిగే గౌను చేతులు (స్లీవ్‌లు) చాలాసార్లు వేరే రంగులో విడిగా ఉంటాయి. వెనుకభాగం కోసం అదే కాలపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1566లో గీసిన ‘పెళ్లి నృత్యం’ చూడండి. డెట్రాయిట్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రంలో వీపు మనవైపు ఉంచి ఆడుతున్న స్త్రీలున్నారు.

కత్తిరింపు దగ్గర మన అలవాటు అడ్డం వస్తుంది. జాకెట్టుకు వేసే డాట్లు (ఒంపు కోసం బట్టను మడిచి వేసే కుట్లు) ఇక్కడ వేయకండి. శరీరపు ఒంపుకు తగ్గట్టు కుట్టు అంచులనే మలచి, గట్టి నారబట్టతో లైనింగు వేస్తే లోగౌనే రొమ్ముకు ఆసరా ఇస్తుంది. ముందు పాత దుప్పటితో ఒక నమూనా కుట్టి, తొడిగి, ఒంటి మీదే సరిచేసుకోండి. బట్టను మడతలే చెబుతాయి: గౌను మడతలు బరువుగా, గుండ్రంగా జారతాయి, తలగుడ్డవి పదునుగా విరుగుతాయి. పలుచని పాలియెస్టర్‌తో ఆ జారుడు ఎన్నటికీ రాదు. ఉన్ని దొరకకపోయినా, మన ఎండకు భరించలేకపోయినా, మందమైన నూలు బట్ట కొంత దగ్గరగా వస్తుంది.

ఇక రంగులు. నాలుగున్నర శతాబ్దాల్లో వార్నిష్ పసుపెక్కుతుంది, కొన్ని ఎరుపులు వెలిసిపోతాయి, స్మాల్ట్ అనే నీలిరంగు బూడిదరంగుకు తిరుగుతుంది, రాగి పచ్చలు గోధుమరంగుకు మారతాయి. కాబట్టి చిత్రంలోని బూడిదరంగును ఉన్నదున్నట్టు నకలు చేయడం కంటే, మంజిష్ఠ జాతి వేరుతో అద్దిన ఎరుపు వంటి, ఆనాటి అద్దకాలకు సాధ్యమైన రంగును ఎంచుకోవడం నా దృష్టిలో ఎక్కువ నిజాయితీ.

ప్రశ్న: ఆ పైవస్త్రం, విడి చేతులు జారిపోకుండా ఎలా నిలిచేవి?

సమాధానం: చాలావరకు గుండుసూదులతో. రోగిర్ వాన్ డెర్ వైడెన్ అనే చిత్రకారుడు సుమారు 1460లో గీసిన, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉన్న ఒక స్త్రీ చిత్రంలో పలుచని మేలిముసుగును పట్టి ఉంచిన సూది స్పష్టంగా కనిపిస్తుంది. అది మీ చిత్రానికి వందేళ్ల ముందుది, పైగా సంపన్నురాలిది. అయినా పద్ధతి అదే. నాటకంలో కదలిక ఎక్కువ కనుక, చేతులను లోపలివైపు నాలుగు కుట్లతో బిగించి, సూదులను పైకి కనిపించేలా మాత్రమే గుచ్చండి.