షాపు తెరిచేలోపు నీ కళ్ళు చూపించుకో

చిట్టితల్లీ,

నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర గది తీసుకుని మగ్గం వర్క్ షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. మన ఇంట్లో సొంతంగా బోర్డు కట్టిన ఆడపిల్లవి నువ్వే. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. నీకు నలభై దాటింది, పనంతా కళ్ళతోనే, పైగా నువ్వు మా అన్న కూతురివి.

తెలిసినవి ముందు చెప్పేస్తా. చత్వారం అందరికీ వచ్చేదే, సిగ్గుపడకుండా అద్దాలు పెట్టుకో. కూర్చున్నప్పుడు నీ కంటికీ మగ్గానికీ ఎంత దూరమో టేపుతో కొలిచి డాక్టర్‌కు చెప్పు. పేపర్ చదివే అద్దాలు ఆ దూరానికి కుదరకపోవచ్చు. సూది మీద నీ చేతి నీడ పడకుండా లైటు పెట్టించుకో. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి వీధి చివరిదాకా చూడు. మునగాకు, తోటకూర, చేపల సంగతి నీకు చెప్పక్కర్లేదు. కుందన్లు అంటించే గమ్ము, కంటి చుక్కలు ఒకే డబ్బాలో పెట్టావంటే మాత్రం ఊరుకోను.

ఇక మీ నాన్న సంగతి. నువ్వప్పుడు చిన్నదానివి. రైసు మిల్లులో ఊక దుమ్ముకు ఆయన కళ్ళు ఎర్రబడేవి, ఒకటే దురద. మందుల షాపతను ఒక చుక్కల సీసా ఇచ్చాడు. సాయంత్రానికి ఎరుపు పోయింది. ఇంకేముంది, కళ్ళు మండినప్పుడల్లా అవే చుక్కలు, అలా ఏళ్ళ తరబడి. వాటిలో స్టెరాయిడ్ ఉంది. డాక్టర్ చూస్తుండగా వాడితే మేలు చేసే మందే. అడిగేవాళ్ళు లేకుండా వేసుకుంటూ పోతే కొందరికి కంట్లో ప్రెజర్ పెరిగి, కంటి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. నీటికాసులంటామే, అదే. నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది, ఎదురుగా ఉన్నది మాత్రం చాలాకాలం కనిపిస్తూనే ఉంటుంది.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపర్లో చిన్నక్షరాలు కూడా చదివేవాడు. అదే మనిషి పక్కనే పెట్టిన కాఫీ గ్లాసు మోచేత్తో దొర్లించేవాడు. గడప పక్కన బిందెకు కాలు తగిలేది. ఒకసారి సందులోంచి వచ్చిన దూడను చూడక సైకిల్ మీంచి పడ్డాడు. "చూసుకుని నడవరాదా" అని మీ నాయనమ్మ అరిచేది. పేపర్ చదివే మనిషికి చూపు తగ్గిందని ఎవరికి తోస్తుంది? నెల్లూరు పొగతోటలో డాక్టర్ నరం చూసేసరికి ఒక కన్ను దాదాపు పోయింది. రెండోదాంట్లో మిగిలినంత కాపాడారు. శుక్లమైతే తీసి లెన్స్ పెడితే చూపొస్తుంది. దీనివల్ల పోయింది ఏ ఆపరేషన్ చేసినా తిరిగి రాదు. నీ పెళ్ళిలో తలంబ్రాలప్పుడు నీ పక్కనే నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ నీ కోసం వెతుక్కున్నాడమ్మా.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. "సన్న పూసలు కూడా ఎక్కిస్తున్నానత్తా, నాకేం" అనొద్దు. కంటి ప్రెజర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. అంకె బాగుందని లేచి రావద్దు, ఆ లోపల ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళున్నారు. నరం చూడమని, పక్కచూపు పరీక్ష కూడా చేయమని అడుగు. మీ నాన్న సంగతి వాళ్ళు అడిగేదాకా ఆగకుండా నువ్వే చెప్పు. చుక్కలు వేసి చూస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపకుండా అల్లుణ్ణి వెంట తీసుకెళ్ళు. కడుపుతో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది కదా, రక్తం కూడా చూపించుకో. షుగర్ ఉందని తేలితే ఏటా రెటీనా పరీక్ష తప్పదు. డాక్టర్ చీటీ లేకుండా ఏ చుక్కలూ కంట్లో పడకూడదు, ఎవరిచ్చినా సరే.

శ్రావణంలో తెరుస్తారట. పెళ్ళి బ్లౌజులు మీద పడ్డాయంటే నువ్వు తలెత్తవు, నాకు తెలుసు. ఆషాఢంలోనే వెళ్ళిరా. మీ నాన్న పాత ఫైలు నా బీరువాలోనే ఉంది, అల్లుడు కావలి వస్తే ఇచ్చి పంపుతా. చూపించుకోగానే రెండు కళ్ళ ప్రెజరూ ఎంతుందో ఫోన్ చేసి చెప్పు. నా జాకెట్టు గుడ్డ కూడా ఫైలుతోనే పంపుతున్నా, చేతుల దగ్గర సన్న పని చాలు.

మీ అత్త,
కావలి