సంక్రాంతికి ఊరెళ్తున్నారా? మరి కుక్క, పిల్లి సంగతి?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అమలాపురం కారులో వెళ్తాం. మా లాబ్రడార్ దారంతా వాంతులు చేసుకుంటుంది. ఊళ్లో చుట్టాలేమో పండగ వంటలన్నీ పెట్టేస్తారు. ఏం చేయాలి?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బయల్దేరడానికి ఆరు గంటల ముందు తిండి ఆపండి, నీళ్లు ఆపొద్దు. దారిలో గొలుసు తగిలించాకే కారు తలుపు తీయండి. హైవే మీద బెదిరిన కుక్క చేతికి చిక్కదు. అయినా వాంతులైతే మారోపిటంట్ మాత్ర ఉంది. బరువును బట్టి డాక్టరే రాయాలి. ప్రయాణానికి కనీసం రెండు గంటల ముందు చిన్న బిస్కట్ ముక్కతో వేయాలి.

రోజూ తినే తిండే లెక్కేసి కట్టుకెళ్లండి. ఉన్నట్టుండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. నాటుకోడి పులుసు మాత్రం అసలొద్దు. ఉడికిన ఎముక పుల్లలుగా చీలి పేగుకి గుచ్చుకుంటుంది. పులుసులోని ఉల్లి, వెల్లుల్లి రక్తంలో ఎర్రకణాలను చంపుతాయి. చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ఎర్రబడటం కొన్ని రోజులకు గానీ కనబడవు. అందుకే ‘మొన్న పెట్టాం, ఏమీ కాలేదుగా’ అంటారు జనం. పాయసంలోని కిస్‌మిస్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఎన్ని తింటే ముప్పో ముందుగా చెప్పలేం కాబట్టి ఒక్కటీ వద్దు. అరిసె తునక తింటే కొంప మునగదు గానీ, నాలుగు లాగిస్తే ఆ నూనెకి క్లోమం వాచొచ్చు.

చుట్టాలకు వద్దని చెబితే వినరు. దాని బిస్కట్లే ఓ డబ్బాలో పోసి వాళ్ల చేతికివ్వండి, ముద్దొచ్చినప్పుడు అవే పెడతారు. భోగి మంట వేసే వేళకి లోపలి గదిలో ఉంచి తలుపేయండి.

ప్రశ్న: పిల్లిని నాలుగు రోజులు ఇంట్లోనే వదిలి వెళ్లొచ్చా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: రోజుకొక్కసారైనా మనిషి వచ్చి చూసేటట్టయితేనే. గిన్నె నింపి తాళం వేసుకుపోతే కుదరదు. పిల్లి, అందులోనూ లావుపాటిది, రెండు మూడు రోజులు తిండి ముట్టకపోతే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదముంది. వచ్చేవాళ్లను ఇసుక ట్రే కూడా చూడమనండి. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: పిల్లి గాలిపటం దారం మింగింది. కొస నోట్లోంచి వేలాడుతోంది. లాగేయొచ్చా?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లాగొద్దు. రెండో కొస నాలుక కిందో, పొట్టలోనో చిక్కుకుని ఉండొచ్చు. లాగితే పేగు ముడతలు పడి దారానికి కోసుకుపోతుంది. మాంజా అయితే గాజుపొడి కూడా తోడు. మలద్వారం నుంచి వేలాడుతున్నా ఇదే మాట. తిండి పెట్టకుండా, వాంతి చేయించకుండా వెంటనే డాక్టరుకి చూపించండి. పండగపూట చాలా క్లినిక్‌లు మూసి ఉంటాయి, భోగికి ముందే ఫోన్ చేసి ఏది తెరిచి ఉంటుందో కనుక్కోండి.