క్యాసినో అధిపతి దాచిన గతం: థ్రిల్లర్‌లో ఏది నమ్ముతాం, ఏది నమ్మం

మీ కథ క్లుప్తంగా ఇది: పేరు మార్చుకుని కొత్త ఊరు చేరిన కుర్రాడు క్యాసినోలో డీలర్‌గా (టేబుల్ దగ్గర ఆట నడిపే ఉద్యోగిగా) మొదలై, యాభై ఏళ్లు వచ్చేసరికి సొంత క్యాసినో కట్టాడు. వయసులో ఉండగా చేసిన ఒక హత్య ఎవరికీ తెలియదు. చివర్లో ఒక జర్నలిస్టు చేతికి పాత ఫొటో చిక్కి గుట్టు రట్టవుతుంది. పాఠకులు దీన్ని నమ్ముతారా అని అడిగారు.

మామూలు పాఠకులు నమ్మొచ్చు. క్యాసినోలో పనిచేసినవాళ్లు మాత్రం నమ్మరు. నేను మొదట డీలర్‌గా చేశాను, ఆ తర్వాత లైసెన్స్ దరఖాస్తులకు కాగితాలు సిద్ధం చేసే విభాగంలోకి మారాను. ఆ రెండో ఉద్యోగం అనుభవంతో చెబుతున్నా, మీ హీరో వ్యవహారం ఫొటో దాకా రాదు. దరఖాస్తు ఫారం దగ్గరే తేలిపోతుంది.

బయటినుంచి చూసేవాళ్లకు కనపడేది దీపాలు, టేబుళ్లు, సూట్లు. యజమానికి రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది లైసెన్స్. అమెరికాలో లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో అది ఎవరికీ హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటు మాత్రమే, కారణం దొరికితే వెనక్కి తీసుకుంటారు. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వం. ఇక్కడ తాను యోగ్యుడినని రుజువు చేసుకోవాల్సింది దరఖాస్తు పెట్టుకున్నవాడే. పైగా తన మీద జరిగే విచారణ ఖర్చు కూడా అతనే భరించాలి. అధికారుల ప్రయాణాలు, వాళ్ల పని గంటలు, అన్నీ అతని బిల్లే. తన గతాన్ని తవ్వించడానికి తానే డబ్బు కట్టాల్సిన మనిషి! ఇంతకన్నా మంచి థ్రిల్లర్ పరిస్థితి నాకైతే తెలియదు. మీరు దాన్ని ‘లైసెన్స్ వచ్చింది’ అని ఒక్క వాక్యంలో దాటేశారు.

ఆ ఫారం పదుల పేజీలు ఉంటుంది. ఎక్కడెక్కడ నివసించారు, ఏమేం పనులు చేశారు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, విడాకులు, కోర్టు కేసులు, అప్పులు, బ్యాంకు ఖాతాలు, గతంలో వాడిన ఇతర పేర్లు, అన్నీ రాయాలి. అరెస్టయితే, తర్వాత కేసు కొట్టేసినా సరే, ఆ సంగతీ రాయాలి. కొత్తవాళ్లకు తెలియనిది ఒకటుంది. పాత తప్పును రాసి వివరణ ఇస్తే కొన్నిసార్లు గట్టెక్కుతారు. దాన్ని దాచిపెట్టినట్టు తేలితే, దాచడమే లైసెన్స్ నిరాకరించడానికి సరిపోతుంది. మీ హీరోకి హత్య ఎంత ప్రమాదమో, ఆ ఫారం కింద పెట్టిన సంతకం అంత ప్రమాదం. హత్య చేసినప్పుడు భయపడ్డాడు, సరే. సంతకం పెట్టేటప్పుడు అతని చెయ్యి ఎలా ఉందో కూడా రాయండి.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక దరఖాస్తుదారుడి కాగితాలు సర్దుతుంటే రెండు ఉద్యోగాల మధ్య కొన్ని నెలల ఖాళీ కనిపించింది. పెద్ద హోదాలో ఉన్న మనిషి కాబట్టి మర్యాదగానే అడిగాం. ‘‘అప్పుడు ఖాళీగా ఉన్నానండీ’’ అన్నాడు. మా మేడమ్ తల ఎత్తకుండానే ‘‘ఖాళీగా ఉన్నప్పుడు ఇంటద్దె ఎవరు కట్టారు సార్?’’ అంది. ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చివరికి తేలిందేమంటే, ఆ నెలల్లో బావమరిది కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడట. అది చెప్పుకోవడం నామోషీ అనిపించింది, అంతే. నేరం లేదు, ఘోరం లేదు. అయినా ఆ రెండు నిమిషాల టెన్షన్ మీరు రాసిన కారు ఛేజింగ్‌లో నాకు దొరకలేదు.

ఇంటద్దె ప్రశ్ననే పెద్దది చేస్తే మీ కథకు అసలు ప్రశ్న వస్తుంది: క్యాసినో కట్టడానికి మొదటి డబ్బు ఎక్కడిది? డీలర్‌కి వచ్చే టిప్పులతో ఇల్లు కొనుక్కోవచ్చేమో కానీ క్యాసినో కట్టలేం. నిజంగా స్వయంకృషితో పైకొచ్చినవాళ్ల కథలు చూడండి. కర్క్ కెర్కోరియన్ ఎనిమిదో తరగతితో చదువు మానేసిన మనిషి, కుర్రతనంలో బాక్సింగ్ చేశాడు, తర్వాత పైలట్ అయ్యాడు. 1947లో చార్టర్ విమానాలు నడిపే చిన్న కంపెనీ కొని పెంచాడు. ఆ తర్వాతే లాస్ వెగాస్‌లో 1969లో ఇంటర్నేషనల్ హోటల్, 1973లో ఎంజీఎం గ్రాండ్ వచ్చాయి. విమానాల డబ్బు క్యాసినోలోకి వచ్చిందని ఎవరైనా వేలు పెట్టి చూపించగలరు. మీ హీరో విషయంలో అలా చూపించలేని ఒక్క మెట్టు ఉండాలి. హత్యను ఆ మెట్టు కింద పాతిపెట్టండి. హత్య వల్లే ఆ మొదటి పెట్టుబడి చేతికొచ్చిందనుకోండి, నేరం, డబ్బు, ఫారం మూడూ ఒకే ముడిలో పడతాయి.

ఇక గతాన్ని దాచడం ఎలా అన్నది. చరిత్రలో దీన్ని మనకు బాగా తెలిసిన పద్ధతిలోనే చేశారు: బినామీ. 1974లో అలెన్ గ్లిక్ అనే ముప్పై దాటిన రియల్ ఎస్టేట్ కుర్రాడు టీమ్‌స్టర్స్ కార్మిక సంఘం పెన్షన్ నిధి నుంచి 6 కోట్ల డాలర్లకు పైగా అప్పు తీసుకుని లాస్ వెగాస్‌లోని స్టార్‌డస్ట్ క్యాసినో చేజిక్కించుకున్నాడు. కాగితాల మీద యజమాని అతనే. మాఫియా తరఫున లోపల చక్రం తిప్పింది ఫ్రాంక్ రోసెంథాల్. 1976లో రోసెంథాల్‌కు లైసెన్స్ నిరాకరించారు. అయినా మనిషి కదల్లేదు, హోదా పేరు మారుతూ వచ్చింది, ఒక దశలో ‘ఎంటర్‌టైన్‌మెంట్ డైరెక్టర్’ అన్నారు. అంతటితో ఊరుకోకుండా స్టార్‌డస్ట్ నుంచే సొంత టీవీ టాక్ షో నడిపాడు. దాక్కోవాల్సిన మనిషి కెమెరా ముందు కూర్చోవడం! కల్పనగా రాస్తే ఎడిటర్లు ‘అతి’ అని కొట్టేస్తారు. 1982లో అతని కారులో బాంబు పేలింది, బతికి బయటపడ్డాడు. 1988లో నెవాడా క్యాసినోల్లో అడుగే పెట్టకూడని వాళ్ల జాబితాలో చేర్చారు. గ్లిక్ సంగతి అంతకన్నా ఆసక్తికరం. 1985లో కాన్సాస్ సిటీలో మాఫియా పెద్దల మీద విచారణ జరిగినప్పుడు సాక్షిగా నిలబడ్డాడు. ముందు నిలబెట్టిన బొమ్మే నోరు విప్పింది.

అందుకే మీ జర్నలిస్టు కన్నా బినామీ పాత్ర మీద ఎక్కువ పేజీలు పెట్టమంటాను. అతనికి అన్నీ తెలియకపోయినా, తెలుసుకోకూడనిది ఏదో ఉందని మాత్రం తెలుసు. జీతం తీసుకుంటున్నది అందుకే.

రెండో దారి, అసలు దాచకపోవడం. మో డాలిట్జ్ అమెరికాలో మద్యనిషేధ కాలంలో దొంగసారాతో సంపాదించినవాడు. 1950లో లాస్ వెగాస్‌లో డెజర్ట్ ఇన్ క్యాసినో తెరిచినప్పుడు బోర్డు మీద పేరు విల్బర్ క్లార్క్‌ది, డబ్బు డాలిట్జ్ బృందానిది. మరుసటి ఏడాది డాలిట్జ్, నేరముఠాల మీద విచారణ జరిపిన సెనెటర్ కెఫావర్ కమిటీ ముందు ప్రశ్నలకు జవాబులు చెప్పుకున్నాడు కూడా. తర్వాత ఊరికి ఆసుపత్రి కట్టించడంలో చెయ్యేసి పెద్దమనిషి అయిపోయాడు. బెన్నీ బినియన్ డల్లాస్‌లో ఉండగా 1931లో ఒకణ్ని కాల్చి చంపి, జైలుకు పోకుండా బయటపడ్డవాడు. 1951లో లాస్ వెగాస్‌లో హార్స్‌షూ క్యాసినో తెరిచాడు. పన్ను ఎగవేత కేసులో జైలుకెళ్లొచ్చాక మళ్లీ లైసెన్స్ రాలేదు. కుటుంబం పేరు మీద వ్యాపారం నడిచింది, ఆయన ‘సలహాదారు’గా పక్కనే కూర్చున్నాడు. ఊళ్లో ఆయనకి గుర్రం మీద కూర్చున్న విగ్రహం పెట్టారు. ఊరంతటికీ తెలిసిన గతాన్ని ఎవడూ బ్లాక్‌మెయిల్ చేయలేడు. మీ హీరోకి పక్కనే ఇలాంటి బాహాటపు మనిషిని పోటీదారుగా పెడితే, హీరో దాచుకోవడంలో ఉన్న బాధ ఇంకా బాగా కనపడుతుంది.

గతం అంటే సొంత గతమే కానక్కర్లేదు కూడా. చైనా తీరంలోని మకావులో 1962 నుంచి 2002 దాకా క్యాసినోల గుత్తాధిపత్యం స్టాన్లీ హో చేతిలో ఉంది. నేరముఠాలతో సంబంధాలున్నాయన్న ఆరోపణలను ఆయన ఎప్పుడూ ఖండిస్తూనే వచ్చాడు. ఏ కోర్టూ ఆయన్ని దోషి అనలేదు. అయినా మకావులో ఆయన కూతురు పాన్సీతో భాగస్వామ్యం ఉన్నందుకు న్యూజెర్సీ అధికారులు ఎంజీఎం కంపెనీ మీద అభ్యంతరం చెప్పారు. కంపెనీ మకావును వదల్లేదు. 2010లో న్యూజెర్సీలోనే అట్లాంటిక్ సిటీలో ఉన్న బోర్గాటా క్యాసినోలో తన వాటాను వదులుకోవడానికి సిద్ధపడింది. మీ హీరోకి కూతురు ఉందన్నారు. ఆమె ఏ నేరమూ చేయకుండానే తన లైసెన్స్ కోసం నాన్న గతానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తే?

క్యాసినో లోపలి సీన్ల గురించి. మీ మూడో అధ్యాయంలో మేనేజర్ లెక్కలు చూసుకుంటూ కట్టలు జేబులో పెట్టుకుంటాడు. అది కుదరదు. టేబుల్ మీద ఆటగాడు నోటిస్తే డీలర్ దాన్ని కెమెరాకు కనపడేలా పరిచి, ప్లాస్టిక్ పలకతో సందులోంచి కింద తాళం వేసి ఉన్న డబ్బు పెట్టెలోకి (డ్రాప్ బాక్స్) తోస్తాడు. ఆ పెట్టె తాళాలు ఒక్కరి దగ్గర ఉండవు. కౌంట్ రూమ్‌లో లెక్కపెట్టేవాళ్లు వేసుకునే బట్టలకు జేబులుండవు, ముక్కు గోక్కోవాలన్నా ముందు అరచేతులు కెమెరాకు చూపించాలి. డీలర్ టేబుల్ వదిలేటప్పుడు చప్పట్లు కొట్టి రెండు వైపులా చేతులు తిప్పి చూపిస్తాడు. నేను ఆ ఉద్యోగం మానేసి ఎంతకాలమైనా, ఎవరికైనా డబ్బులిచ్చాక చేతులు అలా తిరిగిపోతుంటాయి, మావాళ్లు నవ్వుతారు. కెమెరాల విభాగం కూడా క్యాసినో మేనేజర్ చేతికింద ఉండదు, ఫ్లోర్ మీద పనిచేసేవాళ్లతో వాళ్లు స్నేహం చేయకూడదని చాలా చోట్ల నియమం.

ఇవన్నీ ఉన్నా ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. స్టార్‌డస్ట్‌లో నాణెం వేసి ఆడే స్లాట్ మెషీన్ల నాణేలను తూకం వేసి లెక్కగట్టేవారు. తూకపు యంత్రాన్నే తక్కువ చూపించేలా సరిచేశారు. తక్కువ చూపించిన తేడా లెక్కల్లోకి రాదు కాబట్టి దాని మీద పన్నూ ఉండదు. 1976లో అధికారులు దాడి చేస్తే అది బయటపడింది. జేబులో కట్టలు పెట్టుకునే మేనేజర్ స్థానంలో, తూకం చూసి పుస్తకంలో అంకె వేసే ఒక మామూలు గుమాస్తాని పెట్టి చూడండి.

తిరిగే చక్రంలో బంతి ఏ అంకె మీద ఆగుతుందో పందెం కాసే ఆట రౌలెట్. బంతిని మోసంతో ఆపడానికి ఆ చక్రం కింద మీరు పెట్టిన అయస్కాంతం మాత్రం దయచేసి తీసేయండి. ఒక సున్నా ఉన్న చక్రం మీద యజమానికి పందెం డబ్బులో సగటున 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26 శాతం దానంతటదే మిగులుతుంది. అంత నికరమైన లాభం కోసం ఎవడూ లైసెన్స్ పణంగా పెట్టడు. సూట్‌కేసు నిండా నోట్లతో వచ్చి నవ్వుతూ చిప్స్ (పందెం కాసే బిళ్లలు) కొనే విలన్ కూడా పాతకాలం మనిషి. అమెరికాలో ఒక రోజులో 10,000 డాలర్లు దాటిన నగదుకు క్యాసినో రిపోర్టు పంపాలి. దాన్ని తప్పించుకోవడానికి కొంచెం కొంచెంగా విడగొట్టి ఇవ్వడం దానికదే నేరం.

క్యాసినో అధిపతిని కూల్చేది సాధారణంగా అదృష్టవంతుడైన ఆటగాడు కాదు, అప్పు. అట్లాంటిక్ సిటీలో దాదాపు 240 కోట్ల డాలర్లతో కట్టిన రెవెల్ క్యాసినో 2012లో తెరిచి 2014లో మూతపడింది. అదే ఏడాది ఆ ఊళ్లో మరో మూడు క్యాసినోలు మూశారు. మీ హీరోకి డబ్బు అత్యవసరమైతేనే కొత్త భాగస్వాములు వస్తారు, కొత్త భాగస్వాములు వస్తేనే పాత కాగితాలు మళ్లీ తెరుచుకుంటాయి. మీ రెండో భాగం చప్పగా ఉందన్నారు కదా, అక్కడ ఈ అప్పు పెట్టి చూడండి.

మీరు చెప్పని ముఖ్యమైన విషయం, కథ ఏ ఏళ్లలో జరుగుతుందన్నది. నెవాడాలో జూదం 1931లో చట్టబద్ధమైంది. క్యాసినోల మీద నిఘా ఉంచే కంట్రోల్ బోర్డు ఏర్పడింది 1955లో, అంటే అంతకుముందు కథైతే మీ హీరో మీద పరిశీలన చాలా తేలిక. 1967లో అపర కుబేరుడు హోవర్డ్ హ్యూస్ డెజర్ట్ ఇన్ కొన్నప్పుడు అధికారుల ముందుకు స్వయంగా రాకుండానే లైసెన్స్ ఇచ్చేశారు. మీ హీరోకి అది బాగానే పనికొస్తుంది, కానీ అంత పరపతి అతనికి ఎలా వచ్చిందో మళ్లీ మీరే చెప్పుకోవాలి. ఆ తర్వాత కార్పొరేట్ కంపెనీలకు దారి తెరిచిన చట్టాలొచ్చి ఆట మారిపోయింది. ఇప్పటి కాలంలో పెడితే ఒక చోట రాసిన ఫారం ఇంకో చోట అధికారుల చేతికి కూడా వెళ్తుంది, పేరు మార్చుకున్న మనిషి నిలబడటం చాలా కష్టం. నేనైతే 1970ల మధ్యలో పెడతాను. నియమాలు గట్టిగానే ఉన్నాయి, కంప్యూటర్లు ఇంకా అంతగా వాడుకలోకి రాలేదు, అద్దె ఎవరు కట్టారని అడగాలంటే అధికారి ఆ ఊరికే వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టాలి.