మేగ్నెట్ బుగ్గ బండికి బిగించినట్టు కాదా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదొచ్చినప్పుడు మా వీధి కుర్రాళ్లం పడవల్లో చాలామందిని బయటికి చేర్చాం. అప్పటి నుంచి ఎక్కడ ప్రమాదం జరిగిందని తెలిసినా తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె నా బొలెరోలో వేసుకుని వెళ్తున్నాం. ట్రాఫిక్‌లో దారి దొరకడం లేదు. ఆన్‌లైన్‌లో వైర్లు లేని ఎర్రబుగ్గ, సైరన్ కలిపి అమ్ముతున్నారు. టాప్ మీద మేగ్నెట్‌తో అంటుకుంటుంది, రిమోట్‌తో మోగుతుంది. పనయ్యాక తీసేస్తాం. బండికి బిగించడం లేదు కనుక కేసు కాదని అమ్మేవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: ముందుగా మీకూ మీ మిత్రులకూ నమస్కారం. నీళ్లలోకి దిగి మనుషుల్ని బయటికి తెచ్చినవాళ్లకు ‘వద్దు’ అని చెప్పడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఆ సెట్ కొనవద్దు.

అమ్మేవాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి నిర్మాణాన్ని మార్చడం గురించి చెబుతుంది. అంటించి తీసేసే లైటును ఆ సెక్షన్ కిందికి తేవడం తేలిక కాదు. అయితే మీకు అడ్డొచ్చేది ఆ సెక్షన్ కాదు.

కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 108వ నియమం ఏ బండీ ముందువైపు ఎర్రలైటు ‘చూపకూడదు’ అంటుంది. స్క్రూలతో బిగించారా, మేగ్నెట్‌తో అంటించారా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. వెలిగిందా లేదా అన్నదే ప్రశ్న. 2017 మే 1 నుంచి మంత్రుల కార్లకే ఎర్రబుగ్గలు పోయాయి. ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైటు ఇప్పుడు మంటలార్పడం, శాంతిభద్రతలు, విపత్తు నిర్వహణ పనులకు ప్రభుత్వం కేటాయించిన వాహనాలకు, అదీ డ్యూటీలో ఉన్నంతసేపే. మీరు చేసేది విపత్తు పనే, కాదనను. కానీ మీ బొలెరోను ఎవరూ దానికి కేటాయించలేదు.

సైరన్‌కు 119వ నియమం ఉంది. రకరకాల స్వరాలు పలికే హారన్, జనాన్ని బెదరగొట్టే శబ్దం చేసే పరికరం బండికి ‘అమర్చకూడదు’. అంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండి లాంటి కొన్నింటికే మినహాయింపు. వాటికి కూడా రిజిస్టరింగ్ అథారిటీ ఆమోదించిన సైరనే ఉండాలి. మేగ్నెట్‌తో పెడితే అమర్చినట్టు కాదని వాదించవచ్చు. ఆ వాదన కోర్టులో నిలబడుతుందని మాత్రం నేననుకోను. 2013 డిసెంబరు 10న అభయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బుగ్గలు, సైరన్ల దుర్వినియోగం మీద చాలా గట్టిగా మాట్లాడింది. పైగా శబ్దానికి సంబంధించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మూడు నెలల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సు కోల్పోవడం దాకా వెళ్లొచ్చు.

నాకు టెన్షన్ చలానా గురించి కాదు. అంబులెన్సుకు దారివ్వకపోతే సెక్షన్ 194ఈ కింద పది వేల జరిమానా పడవచ్చు. అందుకే సైరన్ వినగానే జనం పక్కకు జరుగుతారు, మీ కుర్రాళ్లు కూడా ఆ ధైర్యంతో రెడ్ సిగ్నల్ దాటుతారు. అడ్డంగా ఒక స్కూటర్ వస్తే? అత్యవసర వాహనం డ్రైవర్‌కు, అదీ జాగ్రత్తగా నడిపితేనే, ఉండే వెసులుబాటు మీకు వర్తించదు. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మీ బండి నష్టానికి ఇన్సూరెన్సు కంపెనీ పేచీ పెట్టడానికీ ఆ సైరనే కారణం కావచ్చు.

మరి ఏం చేయాలి? జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. మీ బృందం పేర్లు, ఈత, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ వివరాలు, బండి ఆర్సీ కాపీ జతచేసి ఆయనకు అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. విపత్తుల్లో సాయపడే వలంటీర్లకిచ్చే ‘ఆపద మిత్ర’ శిక్షణకు అవకాశం ఉందా అని అందులోనే అడగండి. వరద సమయంలో విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 65 కింద మీ వాహనాన్ని సహాయ పనికి తీసుకునే అధికారం ఆ సంస్థకు ఉంది. అలా తీసుకుంటే రాతపూర్వక ఉత్తర్వు బండిలోనే ఉంచుకోండి. ఆ కాగితం ఉన్నంత మాత్రాన సైరన్‌కు అనుమతి వచ్చినట్టు కాదు. లైటుకు, సైరన్‌కు రవాణా శాఖను విడిగా అడగాలి.

ఈలోగా ప్రమాదం గురించి తెలియగానే 112కు గానీ 108కు గానీ ఫోన్ చేసి, ఆ తర్వాతే బయలుదేరండి. అక్కడికి చేరాక బండి పక్కకు ఆపి నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి, రిఫ్లెక్టర్ జాకెట్లు వేసుకోండి, వెనక తగినంత దూరంలో హెచ్చరిక త్రికోణం పెట్టండి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గాయపడినవాళ్లను మీ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే భయపడకండి. మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఏ రక్షణ ఇస్తుంది. మీ పేరు, ఫోన్ నంబరు చెప్పి తీరాలని పోలీసులు గానీ ఆసుపత్రివాళ్లు గానీ బలవంతం చేయకూడదు.

సెట్ ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.