హైదరాబాదు కొత్త టవర్లలో చిన్న ఫ్లాట్లకు గిరాకీ లేదా?

హైదరాబాదు పడమటి వైపు లేస్తున్న టవర్లలో చిన్న ఫ్లాట్లు ఎందుకు కనిపించవు, వాటిని కొనేవారే లేరా అని మీరు అడిగారు. కొనేవారు కావలసినంత మంది ఉన్నారని, వారికి చూపించడానికి ఫ్లాటే లేదని రెండేళ్లు తిరిగిన అనుభవంతో చెబుతున్నాను.

మా ఇంట్లో ఉండేది అమ్మ, నేను. 2023 చివర్లో ఒక ఆదివారం ఇద్దరం కోకాపేటలో ఒక బిల్డరు ఆఫీసుకు వెళ్లాము. వారు చూపించిన నమూనా ఫ్లాటులో మూడు పడకగదులు, పనిమనిషికి వేరే గది, మొత్తం 2,150 చదరపు అడుగులు. ఇంతకంటే చిన్నది చూపించమంటే, ఉన్నవాటిలో ఇదే చిన్నదన్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ వంటగది నుంచి చివరి పడకగది దాకా నడిచి వచ్చి, అక్కడి సోఫాలో కూర్చుని, "రాత్రిపూట నేను పిలిస్తే నీకు వినపడుతుందా?" అని అడిగింది. నేను ధరల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అందులో చదరపు అడుగు 9,000 రూపాయలు. కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల మనం వాడుకునే స్థలం, 60 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు మించకపోతే, కడుతున్న ఫ్లాటు మీద జీఎస్టీ 1 శాతమేనని, మించితే 5 శాతమని 2019 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఆ రేటున 45 లక్షలకు వచ్చేది 500 చదరపు అడుగులు, అదీ లిఫ్టులు, మెట్లు, నడవాలు కలిపిన లెక్కలో. చిన్న ఇంటి కోసం పెట్టిన రాయితీ ఆ ప్రాంతంలో ఎవరికి అందుతుంది? కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి అమ్మాలని బిల్డర్ల అమ్మకాలను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఉన్నా, మాకు ధర చెప్పింది మాత్రం కామన్ ఏరియా కలిపే. నెలనెలా మెయింటెనెన్సు కూడా ఆ అడుగుల లెక్కనే కట్టాలి, వాడని గదికి కూడా.

బిల్డర్ల ఇబ్బంది నాకు అర్థం కాక కాదు. 2023 ఆగస్టులో కోకాపేటలో నియోపొలిస్ అనే ప్రభుత్వ లేఅవుట్ స్థలాల వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. అంత పోసి కొన్న నేల మీద వంటగదులు, స్నానాల గదులు, పార్కింగులు పెంచుకుంటూ నాలుగు వందల మందికి చిన్నవి అమ్మడం కంటే, రెండు వందల మందికి పెద్దవి అమ్మడం వారికి సులువు. అయితే దానికి గిరాకీ లేదని పేరు పెట్టడం అన్యాయం. ఒంటరి ఉద్యోగులు, పిల్లలు విదేశాల్లో ఉన్న వృద్ధ దంపతులు, మాలాంటి ఇద్దరేసి మనుషులున్న ఇళ్లు ఈ నగరంలో ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి.

చివరికి చందానగర్‌లో పాత అయిదంతస్తుల అపార్టుమెంటులో 1,040 చదరపు అడుగుల ఫ్లాటు కొన్నాము. క్లబ్‌హౌస్ లేదు, అమ్మ పిలిస్తే వినపడుతుంది. మొన్న మా పక్క ఫ్లాటు వారు అమ్మాలనుకుంటున్నామని వాచ్‌మన్‌తో అన్నారు. బోర్డు కట్టకముందే, ఆ సాయంత్రానికే ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు.